పలికింది

చైతన్య గిటార్‌ని బల్ల మీద పెట్టాడు గానీ, దాని మీద ఫిర్యాదు చెప్పడానికి మొహమాటపడుతూ కాసేపు దాని మెడ నిమిరాడు.

"బాబు గారూ, ఏమీ అనుకోకండి. మీరు బాగుచేసిచ్చాక, వాయిస్తుంటే చెవులు కోస్తోందండి. మొన్న రిహార్సల్లో మా వాళ్ళు చెవులు మూసుకుని, ఆపరా బాబూ అన్నారు."

మదీనాగూడలో బొంబాయి రోడ్డు పక్కన, పంక్చర్ల దుకాణానికీ ఎస్టీడీ బూత్‌కీ మధ్య ఇరుక్కున్న ఒంటి షట్టర్ అది. పైన బోర్డు మీద పసుపు రంగులో గిటార్ బొమ్మ, దాని కింద బుల్లిబాబు పేరు. మాదాపూర్ రాళ్ళ మధ్య గుండ్రటి బిల్డింగ్ లేచి, అందులోకి కంపెనీలు దిగి, రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని వందల మంది కుర్రాళ్ళు వారమంతా తలలు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాక, వాళ్ళకి శని ఆదివారాల్లో గిటార్లు వాయించే జబ్బు కూడా పట్టుకుంది. ఆ జబ్బు మీదే ఈ షట్టర్ నడుస్తోంది.

బుల్లిబాబు కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని గిటార్‌ని బోర్లా తిప్పాడు. యాభై దాటిన మనిషి. కాకినాడలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో ముప్పై ఏళ్ళు నిలబడి వాయించిన మనిషి కావడంతో, కూర్చున్నా ఒక భుజం కిందికి వాలి ఉంటుంది. నాలుగు మరలు విప్పి, వెనక మూత తీసి, లోపలికి చూశాడు. అతని మొహం మారింది.

"అమ్మాయ్, ఇలా రా. ఇదేం కండెన్సర్ వేశావు?"

వెనక బల్ల దగ్గర సోల్డరింగ్ చేస్తున్న రేణుక లేచి వచ్చింది. తీగల మోతని పట్టే పికప్ నుంచి వచ్చే వైరుకి శెనగగింజంత నీలం కండెన్సర్ వేలాడుతోంది. గిటార్ గొంతు ఎంత పదునుగా ఉండాలో తేల్చేది అదే. చిన్నదైతే గొంతు పదునెక్కుతుంది, పెద్దదైతే మెత్తబడుతుంది.

"మీరు పలికింది అన్నదే ఏసిన సార్," అంది.

"నేనన్నది ఇది కాదు."

"గిదే సార్. నీలం రంగుది."

"అంటే నేను అబద్ధం చెబుతున్నానా?" గొంతు పెద్దగా లేవలేదు గానీ, ఆ మాటకి పక్కనున్న పంక్చర్ల దుకాణం అతను కూడా తల తిప్పి చూశాడు. "ఇంత చిన్నది పెడితే చెవులు కోయక ఏం చేస్తుందండీ? చూశారా చైతన్య గారూ, పక్కన మనుషులుండీ ఇదీ నా అవస్థ."

చైతన్య మంచివాడు. మంచితనంతోనే అన్నాడు, "పోనీలెండి. కొత్తగా చేరారేమో, నేర్చుకుంటారు."

రేణుక చేరి రెండేళ్ళు దాటింది. అంతకుముందు బాలానగర్‌లో టీవీలు బిగించే ఫ్యాక్టరీలో, అది మూతపడేదాకా, బారుగా కూర్చున్న ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఇదే పని చేసింది. ఈ దుకాణంలో ఇప్పటిదాకా ఆమె పెట్టిన అతుకు ఊడి వెనక్కి వచ్చిన గిటార్ లేదు. ఆ సంగతి చైతన్యకి చెప్పవలసిన మనిషి చెప్పలేదు. రేణుకకి చెంపలు వేడెక్కాయి. వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది.

ఆ దుకాణంలో పని జరిగే తీరొకటి ఉంది. బాగుచేసిన ప్రతి గిటార్‌కీ కండెన్సర్‌ని బుల్లిబాబు చెవితోనే ఎంచుతాడు. రేణుక పౌడరు డబ్బాలోంచి ఒకటి తీసి ఉత్తుత్తి అతుకు పెడుతుంది. ఆయన తీగలు మీటి, తల వంచి విని, "ఇంకా" అంటాడు. ఆమె అది తీసి ఇంకొకటి పెడుతుంది. మళ్ళీ మీటుతాడు. "ఇంకా." ఒక్కోసారి పూటంతా ఇదే పని. చివరికి ఒక దగ్గర ఆయన మొహం విచ్చుకుంటుంది. "ఆఁ, పలికింది," అంటాడు. అంతే, ఇక ఆ గిటార్‌ని తను ముట్టడు. అతుకు గట్టిచేసి మూత బిగించేది రేణుక. ఆ తర్వాత అది మోగవలసింది సొంతదారు చేతిలోనే. "పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినవాడు తాళి కట్టడు కదండీ," అని వచ్చినవాళ్ళతో నవ్వుతూ చెబుతుంటాడు. ఆర్కెస్ట్రా రోజుల నాటి పట్టింపు అది.

చైతన్య వెళ్ళాక బుల్లిబాబు నీలం కండెన్సర్‌ని స్వయంగా కత్తిరించి డబ్బాలో పడేశాడు.

"మళ్ళీ మొదట్నుంచీ చూద్దాం. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి."

రేణుక పెద్దదొకటి పెట్టింది. ఆయన మీటాడు. మూలనున్న ఆంప్లిఫయర్లోంచి వచ్చిన మోత రేణుక చెవికి హాయిగా తగిలింది. బెల్లం పాకం గరిటె నుంచి జారుతున్నట్టుంది. ఆయన మొహం చిట్లించాడు.

"గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది. ఇంకా."

ఇంకొంచెం చిన్నది పెట్టింది. "ఇంకా." ఇంకా చిన్నది. ఇప్పుడు పైతీగలు గీరుకోవడం మొదలైంది. రేణుక దవడ బిగించింది. ఆయన తల ఊపుతూ, "దారిలోకొస్తోంది, ఇంకా," అన్నాడు. డబ్బాలో వేలు పెట్టి వెదికితే ఇక మిగిలింది నీలందే. ఇందాక ఆయన కత్తిరించి పారేసిందే. ఒక కాలు పొట్టిగా, కత్తిరించిన చోట మెరుస్తూ ఉంది. రేణుక దాన్ని పట్టకారుతో పట్టుకుని ఆయన వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఆమె దాన్నే పెట్టింది.

ఆయన మీటాడు. ఇనప రేకు మీద మేకుతో గీసినట్టు వచ్చింది మోత. రేణుకకి పళ్ళు జివ్వుమన్నాయి. బుల్లిబాబు మొహం మాత్రం మెల్లగా విచ్చుకుంది. అదే పాత సంతోషం. ఎన్నాళ్ళో కనపడని మనిషి గుమ్మంలో నిలబడితే కలిగే సంతోషం.

"ఆఁ, పలికింది."

రేణుక ఇన్నాళ్ళూ ఆ మోతలు తన చెవికి కటువుగా తగిలినప్పుడల్లా తప్పు తనదే అనుకుంది. ఇంగ్లీషు పాటలు గిట్లనే ఉంటయేమో, సరిగమలు రాని దానికి నాకేం తెలుసు అనుకుంది. సరిగ్గా అప్పుడే బుల్లిబాబు మణికట్టు మీద గడియారం పిక్ పిక్‌మంది. గంట గంటకీ కూసే గడియారం అది. ఒకప్పుడు పదకొండుకి అది కూయడం, ఆయన చేతిలో పని చేతిలోనే వదిలేసి "చంద్రమ్మా, రెండు చాయ్" అని రోడ్డు అవతలి బండికి కేకేయడం ఒకేసారి జరిగేవి. ఇప్పుడు ఆయన గుడ్డ తీసుకుని కళ్ళజోడు తుడుస్తూ కూర్చున్నాడు. కాసేపయ్యాక మణికట్టు కళ్ళదాకా ఎత్తి చూసుకుని, "అరె, పదకొండు దాటిందే," అన్నాడు.

ఎన్నాళ్ళ నుంచి ఆయన గడియారం వినడం మానేసి చూడడం మొదలుపెట్టాడో రేణుకకి గుర్తు రాలేదు. సన్న మోతలన్నీ ఆయన చెవి గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి. అందుకే పదునెక్కించి, పదునెక్కించి, అందరి చెవులూ తెగేదాకా పోతే గానీ ఆయనకి పాట వినపడటం లేదు. కోపం అలాగే ఉంది గానీ, దాని పక్కనే జాలి వచ్చి కూర్చుంది. రెండింట్లో ఏది లేచి పోతుందో తెలియక ఆమె అవస్థ పడింది.

ఆయన చాయ్ కోసం రోడ్డు దాటినప్పుడు ఆమె నీలం కండెన్సర్ తీసేసింది. బెల్లం పాకంలా మోగినదాన్ని పెట్టి, అతుకు గట్టిచేసి, మూత బిగించింది. ఈ రెండేళ్ళలో ఆయనకి చెప్పకుండా చేసిన మొదటి పని అది.

మర్నాడు పొద్దున్నే హఫీజ్‌పేట్‌లో నల్లా దగ్గర బిందె నిండుతుంటే, సంగతంతా మొగుడికి చెప్పింది. అజయ్ కొండాపూర్ వైపు కడుతున్న బిల్డింగులకి నీళ్ళ ట్యాంకర్ తోలుతాడు. వేపపుల్ల నోట్లోంచి తీసి ఉమ్మేశాడు.

"గిండ్ల సోచాయించేదేముంది? మొఖం మీదనే చెప్పు. మీ చెవులు పోయినయ్ సార్, నా చేతులు మంచిగనే ఉన్నయని."

"చెప్తే ఇగ ఆయనకేముంటది? గా పోరగాళ్ళు అంత దూరం నుంచి ఆయన చెవి మీద నమ్మకంతోనే వస్తున్నరు. గది పోయిందని తెలిస్తే దుకాణమే బందయితది."

"మరి చెప్పకపోతే నీకేముంటది?"

బిందె నిండి పొర్లింది. రేణుక నల్లా కట్టేసి బిందె నడుముకెత్తుకుంది. మళ్ళీ ఫ్యాక్టరీల చుట్టూ తిరగడం తలుచుకుంటే భయం వేసింది. అంతకంటే, ఆ వెనక బల్లా, సోల్డరింగ్ పొగ వాసనా, మూగగా వచ్చిన గిటార్ తన చేతి కింద మొదటిసారి గుర్రుమనడమూ, ఇవి లేని పొద్దు ఎట్లా గడుస్తుందో ఊహించుకోలేకపోయింది.

చైతన్య గిటార్ తీసుకెళ్ళిన రెండో రోజే మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట రసజ్ఞ అనే అమ్మాయి వచ్చింది. అదే ఆఫీసు. ఎర్ర గిటార్ ఒకటి వీపున తగిలించుకుని ఉంది.

"బాబు గారూ, అద్భుతమండి," అన్నాడు చైతన్య. "నిన్న వాయిస్తుంటే పై ఫ్లోర్ వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. ఈవిడ గిటార్‌కి కూడా పికప్ మార్చి, అచ్చం అలాగే చేసిపెట్టాలి. ఈ శనివారమే ఆఫీస్ యాన్యువల్ డే."

బుల్లిబాబు వాలిన భుజం కూడా లేచింది. "చెవండీ. ముప్పై ఏళ్ళ చెవి. డ్రమ్ముల పక్కన నిలబడి, స్పీకర్ బాక్సుల ముందు నిలబడి సానబట్టిన చెవి. పరికరాలదేముందండీ, ఎవరైనా కొనుక్కోవచ్చు."

వెనక నుంచి రేణుక వింటోంది. సానబట్టానంటున్న చోటే అరిగిపోయిందని ఆయనకి తెలియదు కదా అనుకుంది.

చైతన్య గొంతు తగ్గించాడు గానీ అంత చిన్న గదిలో గొంతు తగ్గించి లాభం లేదు. "ఈసారి సోల్డరింగ్ కూడా మీరే చూసుకోండేం. మొన్నట్లా కాకుండా."

"ఆ బెంగ అక్కర్లేదండి. సోమవారం నుంచి మా చెల్లెలి కొడుకు వెంకట్ వస్తున్నాడు. ఐటీఐ చేశాడు. ఇక ఆ బల్ల వాడిదే."

రేణుక చేతిలో సోల్డరింగ్ ఇనుము ఆగిపోయింది. సీసం బొట్టు జారి బల్ల మీద పడి గట్టిపడింది. తను దొంగతనంగా దిద్దిన దిద్దుబాటు ఆయనకి పేరు తెచ్చింది, ఆ పేరుతోనే తనని బయటికి పంపుతున్నాడు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా అనిపించింది. నిజానికి ఆ అన్యాయానికి ఒక చివర పట్టుకున్నది తనే.

రసజ్ఞ గిటార్ పని మూడు రోజులు పట్టింది. పాత పికప్ తీసి కొత్తది దించడానికి చెక్క కొంచెం తొలవాలి. బుల్లిబాబు ఉలి పట్టాడంటే చూడవలసిందే. పెన్సిల్ గీత మీద ఉలి పెట్టి, చేత్తో కాక ఊపిరితో నెడుతున్నాడా అన్నట్టు నెడతాడు. చెక్క పొర ఉల్లిపొరలా లేస్తుంది. చేతుల్లో ఏ లోపమూ లేదు. ఆ చేతులు చూస్తున్నంతసేపూ రేణుక కోపం నిలబడలేకపోయింది. ఆ మూడు రోజుల్లో వెంకట్ సంగతి ఆయనా ఎత్తలేదు, ఆమే అడగలేదు.

శుక్రవారం పొద్దున కండెన్సర్ల వంతు వచ్చింది. "ఇంకా," "ఇంకా," అంటూ పోయి, ఆమె ఊహించినట్టే నీలందాని దగ్గర ఆగాడు. "ఆఁ, పలికింది." చేతులు దులుపుకుని మొహం కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాడు.

రేణుక మూత చేతిలో పట్టుకుని కూర్చుంది. ఇలాగే బిగించేస్తే చాలు. శనివారం యాన్యువల్ డే స్టేజీ మీద ఆ పిల్ల మీటగానే ఆఫీసు మొత్తం చెవులు మూసుకుంటుంది. సోమవారం వచ్చే వెంకట్‌కి ఆ ముచ్చట స్వాగతం చెబుతుంది. అప్పుడు ఈయన ఎవరి తప్పంటాడో చూద్దాం. మనసులో ఆ చూద్దాం అన్న మాట రుచిగానే ఉంది. కానీ ఎర్ర గిటార్ తన ఒళ్ళో పడుకుని ఉంది. దానికి వీళ్ళిద్దరి తగాదాతో ఏం సంబంధం? దాన్ని అలా అరిచేట్టు చేసి పంపడం రేణుక వల్ల కాలేదు. నీలందాన్ని తీసేసి, సరైనది పెట్టి, నాలుగు మరలూ బిగించింది.

రసజ్ఞా చైతన్యా బండి మీద వచ్చేసరికి పదిన్నర దాటింది. బుల్లిబాబు గిటార్‌ని రెండు చేతులా అందించాడు.

"వాయించుకోండమ్మా. మొదటి మోత మీదే."

రసజ్ఞ తీసుకోలేదు. "మీరే వాయించండి బాబు గారూ. నాకింకా సరిగా రాదు. నా చేతిలో అదెలా ఉందో నాకేం తెలుస్తుంది?"

"నేను ముట్టనమ్మా, పలికిందన్నాక."

"మా ఇంట్లో ఇంతకుముందు ఎవరూ ఏదీ వాయించలేదండీ. మొదటి మోత పెద్దవాళ్ళ చేతి మీదుగా రావాలని నాకు కోరిక." ఆ పిల్ల మొహమాటంగానే అయినా గట్టిగా నిలబడింది.

పెద్దవాళ్ళన్న మాటకి బుల్లిబాబు మెత్తబడ్డాడు. నవ్వుతూ స్టూలు మీద కూర్చుని, తీగ ఆంప్లిఫయర్‌కి గుచ్చాడు. వెనక బల్ల దగ్గర రేణుక లేచి నిలబడింది.

ఆయన మీటాడు. ఒక్కసారి మీటి ఆగాడు. గిటార్ వైపు చూశాడు. ఆంప్లిఫయర్ మీటలు చూశాడు. అన్నీ పొద్దున ఉన్నచోటే ఉన్నాయి. మళ్ళీ మీటాడు. ఆయనకి అది దుప్పటి కింద నుంచి వస్తున్నట్టుంది. పొద్దున పలికిన గొంతు ఇది కాదు. ఎక్కడో అతుకు ఊడింది. "అమ్మాయ్" అని పిలవబోయి తలెత్తాడు.

ఎదురుగా రసజ్ఞ కళ్ళు మూసుకుని ఉంది. మొహం మీద చిన్న నవ్వు.

"ఎంత బావుందండీ," అంది.

"ఇదే. నాదీ ఇలాగే పలుకుతోంది ఇప్పుడు," అన్నాడు చైతన్య. "అస్సలు గీరుకోవడం లేదు. ఆపారేంటండీ?"

బుల్లిబాబు వాళ్ళిద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి రేణుక వైపు చూశాడు. ఆమె చూపు దించేసింది. బల్ల అంచున, పౌడరు డబ్బా మూతలో, పొట్టి కాలు నీలం కండెన్సర్ ఒంటరిగా ఉంది. దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఎర్ర గిటార్ మీదికి ఒరిగి, చెక్కకి చెవి ఆనించి, పైతీగని ఒక్కదాన్నే మీటాడు. ఇంకోసారి మీటాడు. చెవి తీసి, చైతన్య మొహం చూస్తూ మళ్ళీ మీటాడు. తనకి అందనిదేదో ఆ మొహంలో వెతుకుతున్నట్టు చూశాడు.

"తీసుకోమ్మా," అని గిటార్ అందించాడు. "బాగా పలికింది."

ఆ మాట రేణుకకి కన్నీళ్ళు తెప్పించింది. ఎందుకో ఆమెకే తెలియదు. బయటికి కనిపించకుండా సోల్డరింగ్ ఇనుము కొన తుడవడం మొదలుపెట్టింది.

వాళ్ళు బయటికి వెళ్ళి బండి స్టార్ట్ చేశారు. బుల్లిబాబు స్టూలు మీద అలాగే కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి వెళ్ళాడు. చేతులూపి బండి ఆపాడు. చైతన్య హెల్మెట్ తీశాడు. వరసగా మూడు ఇసుక లారీలు పోతున్నాయి. ఆయనేం చెబుతున్నాడో ఆ మోతలో రేణుకకి ఒక్క ముక్క వినపడలేదు. చెబుతూ చెబుతూ ఆయన ఒకసారి తన చెవి పట్టుకుని చూపించడం కనిపించింది. తర్వాత చెయ్యి చాచి దుకాణం లోపలికి, వెనక బల్ల వైపు చూపించాడు. చైతన్య మొహం ఎర్రబడింది. లోపలికి చూసి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించాడు. రేణుకకి ఏం చెయ్యాలో తోచక, చేతిలో పట్టకారుతోనే దణ్ణం పెట్టింది.

బుల్లిబాబు లోపలికొచ్చి కాళ్ళు దులుపుకున్నాడు.

"ఎన్నిటికి మార్చావు?" అన్నాడు.

"రెండిటికే సార్."

"నాకు చెప్పలేదేం?"

"ఎట్ల చెప్పాలె సార్? నోరు రాలే. మీరు నన్ను అందరి ముందట అన్నప్పుడు చెప్దామనే అనుకున్న. కోపమొచ్చింది. మల్ల మీరు సంబురంగ పలికింది అనంగనే..." ఆగిపోయింది.

ఆయన గోడకున్న తన పాత ఆర్కెస్ట్రా ఫొటో వైపు చూశాడు. అందులో ఆయన కుడి చెవికి జానెడు దూరంలో డ్రమ్ముల ఇత్తడి పళ్ళెం ఉంది.

"అనుమానం నాకూ ఉందమ్మా," అన్నాడు. "ఇంట్లో ఫోను మోగితే మా ఆవిడ చెబితే గానీ తెలియడం లేదు. అది చెవి తప్పంటే నాకింకేం మిగలదు. నీ తప్పంటే సరిపోతుంది కదా అనుకున్నాను. చాలా తప్పుగా అనుకున్నాను."

పర్వాలేదు అనడానికి రేణుకకి మనసు రాలేదు. ఆయన కూడా ఆ మాట కోసం చూడలేదు.

"గట్లయితే సోమవారం..." అంది.

"వస్తాడు. వెంకట్ రానీ. నీ దగ్గర సోల్డరింగ్ నేర్చుకుంటాడు. వాడి కాగితం చూసి మోసపోకు, వాడికి వైరు కొస గీకడం కూడా రాదు. వాడు వెనక బల్ల దగ్గర కూర్చుంటాడు."

"మరి నేను?"

బుల్లిబాబు తన కుర్చీని జరిపి గోడ వారగా వేసుకున్నాడు. గది మధ్యలో, ఆంప్లిఫయర్‌కి ఎదురుగా, రోజూ తను కూర్చునే చోట వెనక బల్ల దగ్గరి స్టూలు తెచ్చి వేశాడు. బాగుచేయవలసిన వాటిలోంచి ఒక పాత నల్ల గిటార్ తీసి ఒళ్ళో పెట్టుకుని, మూత విప్పి, డబ్బాని తన దగ్గరికి లాక్కున్నాడు. రేణుక పక్కనే నిలబడి మొదటి కండెన్సర్ అతికించి, స్టూలు వైపు చూసి, కొంగుతో చేతులు తుడుచుకుని, దాని అంచున కూర్చుంది.

ఆయన మీటాడు. మీటి, తల వంచలేదు, కళ్ళు మూసుకోలేదు. ఆమె మొహం వైపు చూశాడు.

"ఇంకా," అంది రేణుక. గొంతు ఆమెకే వినపడనంత చిన్నగా వచ్చింది.

"గట్టిగా చెప్పాలమ్మా. సంగతి తెలిసీ అలా గొణిగితే ఎలా?"

రేణుకకి నవ్వొచ్చింది. "ఇంకా సార్," అంది గట్టిగా. ఆయన ఇంకొకటి అందించాడు. ఆమె అతికించి వచ్చింది. మీటాడు. "ఇంకా." మళ్ళీ. "ఇంకా." పక్క దుకాణం అతను తొంగి చూసి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో అర్థంకాక వెళ్ళిపోయాడు. బుల్లిబాబు నుదుటికి చెమట పట్టింది.

"ఇంకానా? చంపేస్తున్నావు కదమ్మా. ఇది బావుంది కదా?"

"లేదు సార్. కింది తీగ మంచిగనే ఉంది, పైది జర గీరుతుంది."

ఆయన ఏదో అనబోయి మానుకుని, డబ్బాలో వేళ్ళు పెట్టి వెదికాడు. అప్పుడే ఆయన మణికట్టు మీద గడియారం పిక్ పిక్‌మంది.

"పదకొండు కొట్టింది సార్. చాయ్ చెప్పనా?"

బుల్లిబాబు గడియారం వైపు చూసుకోలేదు. ఆమె చెప్పింది కాబట్టి పదకొండే.

"చాయ్ తర్వాత. ముందు ఇది తేల్చు," అన్నాడు.

రేణుక స్టూలు మీద సర్దుకుని, ఈసారి నిండుగా కూర్చుంది. కళ్ళు మూసుకుంది.

"వాయించుండ్రి సార్," అంది.